తుపాకి కాదు, తూటా: గుంటూరు సీమలో పాత రివాల్వరు కథ

తుపాకులను గురించి వ్రాసేవారందరూ తుపాకినే వర్ణిస్తారు. గొట్టం ఎంత పొడవు, పిడి ఏ కొయ్యతో చేశారు, ఏ ఊరి కార్ఖానా ముద్ర ఉంది - ఇవే వారి ముచ్చట్లు. తూటా ప్రస్తావన చివర ఎక్కడో ఒక వాక్యంలో వచ్చి పోతుంది. కాని మన దేశపు ఆయుధ చట్టాల చరిత్రను కాస్త నిదానంగా చదివితే వేరే సంగతి కనిపిస్తుంది. పాలకులు తుపాకికి భయపడిన మాట నిజమే. తూటాకు అంతకంటే ఎక్కువ భయపడ్డారు. తూటా లేని తుపాకి బరువైన ఇనుపముక్క మాత్రమేనని వారికి బాగా తెలుసు.

గుంటూరులోనో, నరసరావుపేటలోనో, అద్దంకిలోనో, ఒంగోలులోనో లైసెన్సు చేతబట్టుకొని, ఒక చిన్నపాటి పాత రివాల్వరు కొనదలచిన మనిషిని ఊహించండి. ఆయన పత్తి వ్యాపారి కావచ్చు, మిర్చి కమీషనుదారు కావచ్చు, రాజకీయాల్లో ఓ మోస్తరు పెద్దమనిషి కావచ్చు. ఎన్ని దుకాణాలు తిరిగినా, ఎంతమంది పరిచయస్థులను అడిగినా, చివరకు ఆయన చేతికి వచ్చేది చాలావరకు ఒకే కొలత రివాల్వరు: .32 బోరు. ఆయన తనకు నచ్చినదే కొన్నానని అనుకుంటాడు. కాని ఆ కొలతను ఆయన ఎంచుకోలేదు. ఆయన పుట్టక ముందే వేరెవరో, వేరే భయంతో ఎంచి పెట్టారు. ఆ ఎంపిక ఎలా జరిగిందన్నదే ఈ టపాలో చెప్పదలచిన సంగతి.

* * *

గుంటూరు సీమ ఆయుధాలు ఎరుగని సీమ కాదు. పల్నాటి వీరుల కథ సరే, కొండవీటి కోట గోడలు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు వంటి జమీందార్లకు సొంత సిబ్బంది, సొంత ఆయుధాలు ఉండేవి. 1788లో గుంటూరు సర్కారు నిజాము చేతినుండి ఈస్టిండియా కంపెనీ చేతికి మారింది. 1802లో శాశ్వత శిస్తు బందోబస్తు వచ్చినప్పుడు జమీందార్ల పోలీసు అధికారాలు పోయాయి. ఆయుధబలంతో ఊళ్ళను ఏలిన దొర శిస్తు వసూలు చేసే దొరగా మిగిలాడు. ఆయుధం ఒకరి సొత్తు కాదనీ, సర్కారు దయతలచి ఇచ్చే అనుమతి అనీ మన ప్రాంతం నేర్చుకున్న తొలి పాఠం అదే.

రెండవ పాఠం 1857లో వచ్చింది. ఆ తిరుగుబాటుకు కారణాలు అనేకం ఉన్నా, నిప్పురవ్వ మాత్రం ఒక తూటా. కొవ్వు పూసిన కాగితపు తూటాను పంటితో కొరకమంటే సిపాయిలు ఒప్పుకోలేదు. తిరుగుబాటు అణగిన తరువాత సర్కారు జనాన్ని నిరాయుధులను చేసే పనికి పూనుకున్నది. 1860లో ఒక చట్టం, 1878లో లిట్టన్ హయాంలో దానికంటే పకడ్బందీ అయిన ఆయుధ చట్టం వచ్చాయి. మొదట సిపాయి తూటాను కాదన్నాడు. తరువాత ప్రభుత్వం ప్రజలకు తూటాను కాదన్నది.

1878 నాటి నిబంధనల్లో మనవారిని బాధించింది లైసెన్సు ఒక్కటే కాదు, అందులోని వివక్ష. తెల్లవారికి లైసెన్సుతో పనిలేదు. బిరుదులున్న కొందరు సంపన్నులకూ మినహాయింపు ఉండేది. తక్కినవారంతా కలెక్టరు కచేరీ గుమ్మం ఎక్కాలి. 1887లో మద్రాసులో కూడిన మూడవ కాంగ్రెసు మహాసభ ఈ చట్టాన్ని సడలించమని తీర్మానించింది. జాతిని బట్టి మినహాయింపునిచ్చే పద్ధతి 1920ల తొలి సంవత్సరాల దాకా పోలేదు. అహింసామూర్తి అయిన గాంధీజీ కూడా 1930 జనవరిలో వైస్రాయి ముందుంచిన పదకొండు కోర్కెలలో చివరిది, ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలనీ, ఆ అధికారం ప్రజల అదుపులో ఉండాలనీ. ఉప్పుపన్నును గుర్తు పెట్టుకున్న మనం ఈ కోర్కెను మరచిపోయాము.

ఆ కాలంలో తుపాకి ఎవరి వైపు ఉండేదో తెలుసుకోవాలంటే పల్నాడునే చూడవచ్చు. పుల్లరి కట్టబోమని నిలబడిన మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలి అయ్యాడు. ఆ రోజు గుండు ఏ వైపు నుండి ఏ వైపుకు వెళ్ళిందో అదే ఆనాటి ఆయుధ చట్టానికి అసలైన భాష్యం.

* * *

ఇక బోరు సంగతికి వద్దాము. బోరు అంటే స్థూలంగా గొట్టం లోపలి వ్యాసం. .32 అంటే అంగుళంలో నూటికి ముప్పయి రెండు వంతులు, ఇంచుమించు ఎనిమిది మిల్లీమీటర్లు. సర్కారు బోర్లను రెండు జాతులుగా విడదీసింది: నిషిద్ధమైనవి, నిషిద్ధం కానివి. సామాన్యుడు నిషిద్ధ బోరు అంటే మరీ పెద్ద తుపాకి అనుకుంటాడు. అది పొరపాటు. ఆ విభజనకు మూలం పెద్దా చిన్నా కాదు. సైన్యం, పోలీసులు వాడే తూటా ఏ తుపాకిలో పడుతుందో ఆ తుపాకి ప్రజల చేతిలో ఉండకూడదు - సూత్రం ఇంతే.

కారణం తేలికగానే అర్థమవుతుంది. తుపాకిని ఒకసారి దొంగిలిస్తే చాలు, అది యాభై ఏళ్ళు పనిచేస్తుంది. తూటా ఒక్కసారే పేలుతుంది. మళ్ళీ మళ్ళీ కావాలి. సైనిక గిడ్డంగి నుండి దొంగిలించిన తూటా ఊళ్ళోని తుపాకికి పట్టకపోతే ఆ దొంగతనం వృథా. అందుకే .303 రైఫిలును, .38, .455 రివాల్వర్లను, 9 మిల్లీమీటర్ల పిస్తోలును సామాన్యులకు దూరంగా ఉంచారు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో .450 బోరు రైఫిళ్ళను ఇండియాకు రానీయమని సర్కారు అన్నప్పుడు, పులులను, ఏనుగులను వేటాడే దొరల కోసం ఇంగ్లండు తుపాకుల కంపెనీలు .465, .470 వంటి కొత్త కొలతలను కనిపెట్టవలసి వచ్చింది. ప్రపంచ వేట తుపాకుల జాబితాలో ఆ అంకెలు ఇప్పటికీ ఉన్నాయి. అవి పుట్టడానికి కారణం మన దేశపు నిషేధం. .303కు ప్రత్యామ్నాయంగా మన దేశంలో స్థిరపడ్డ .315 కథా అదే.

ఆ భయం ఉత్తభయం కాదని చరిత్ర రుజువు చేసింది. 1914 ఆగస్టులో కలకత్తాలో రొడ్డా కంపెనీకి వచ్చిన సరుకులోనుండి విప్లవకారులు 50 మౌజరు పిస్తోళ్ళను, 46,000 తూటాలను మాయం చేశారు. బెంగాలును ఏళ్ళ తరబడి వణికించినది ఆ యాభై పిస్తోళ్ళే అనడం కంటే ఆ నలభై ఆరు వేల తూటాలే అనడం సబబు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను ముట్టడించి 26 తుపాకులనూ, దాదాపు 2,500 తూటాలనూ తీసుకువెళ్ళాడు. తుపాకులు ఇరవయ్యారే అయినా తూటాలు వేలల్లో ఉండడం వల్లనే మన్యం పోరు అన్నాళ్ళు సాగింది. దీనికి విపర్యయంగా 1930 ఏప్రిల్ 18న చిట్టగాంగులో సూర్యసేన్ బృందం ఆయుధాగారాన్నే పట్టుకున్నది. తుపాకులు దొరికాయి, తూటాలు దొరకలేదు. ఆ రాత్రి విజయం సగంలో ఆగిపోయింది. తుపాకులను ఒకచోట, తూటాలను మరొకచోట దాచే అలవాటు ప్రభుత్వాన్ని ఆనాడు కాపాడింది. బోర్ల విభజన ఆ అలవాటుకే చట్టరూపం.

* * *

ఇంతకూ ఈ .32 ఎక్కడిది? దీని పుట్టిల్లు అమెరికా. 1896లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ ఒక చిన్న రివాల్వరు కోసం దీనిని తయారుచేసింది. అప్పటికే 1878 నుండి ఉన్న పొట్టి .32 తూటాను కాస్త పొడిగించి, దానికి 'లాంగ్' అని పేరు పెట్టింది. ఆ రోజుల్లోనే న్యూయార్కు పోలీసు బోర్డు అధ్యక్షుడుగా ఉన్న థియొడోర్ రూజ్‌వెల్ట్, తరువాత ఆ దేశాధ్యక్షుడైన ఆయనే, తన పోలీసులందరికీ ఒకే రకం కోల్ట్ రివాల్వరు ఉండాలని నిర్ణయించాడు. దాని బోరు కూడా .32. పోటీ కంపెనీ పేరును తన తుపాకి మీద చెక్కడం ఇష్టంలేని కోల్ట్, గుండు కొసను కొంచెం చదును చేసి దాదాపు అదే తూటాను తన పేరుతో అమ్ముకున్నది. సీసపు గుండు బరువు 98 గ్రెయిన్లు, అంటే ఆరు గ్రాముల పైచిలుకు. వేగం సెకనుకు ఏడెనిమిది వందల అడుగులు. కాలక్రమంలో అమెరికా పోలీసులు ఇది బలహీనమని వదిలి .38 వైపు వెళ్ళిపోయారు. అదరడం తక్కువ, గురి ఎక్కువ కనుక లక్ష్యసాధన పోటీల్లో మాత్రం ఇది నేటికీ ఆదరణలో ఉంది.

అమెరికా పోలీసులు వదిలేసిన తూటా గుంటూరు సీమకు ఎందుకు పనికివచ్చింది? బ్రిటిషు సైన్యం దానిని ఎన్నడూ వాడలేదు కనుక. ఆ ఒక్క అర్హత చాలింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటిషు సైన్యం బరువైన .455ను వదిలి .38కు మారింది. బర్మింగ్‌హాంలోని వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ చేసిన మార్క్ ఫోర్ రివాల్వరు ఆ కోవలోనిదే. అదే నమూనాను సామాన్యుల కోసం .32లోనూ తయారుచేశారు. మూడంగుళాల గొట్టం, ఆరు తూటాలు. బొటనవేలితో మీట నొక్కితే మధ్యకు విరిగినట్టు వంగి, ఖాళీ తొడుగులను తానే బయటికి నెట్టే ఏర్పాటు. మన దేశంలో 'వెబ్లీ' అన్న మాటకు దర్జా వచ్చినది ఈ రివాల్వరుతోనే.

ఇక్కడ ఒక తికమక ఉన్నది. .32 అన్న అంకె కింద రెండు వేరువేరు తూటాలున్నాయి. ఒకటి పైన చెప్పిన రివాల్వరు తూటా. అడుగున స్పష్టమైన అంచు ఉంటుంది. రెండవది జాన్ బ్రౌనింగ్ 1899లో పిస్తోలు కోసం రూపొందించిన పొట్టి తూటా. ఐరోపాలో దానిని 7.65 అంటారు. 1928లో లాహోరులో సాండర్స్‌ను కాల్చినప్పుడు భగత్ సింగ్ చేతిలో ఉన్న కోల్ట్ ఈ రెండవ జాతికి చెందినది. అంకె ఒకటే కదా అని ఒకదానిని మరొకదానిలో వేయడం ప్రమాదం. కొలతలూ వేరు, లోపలి ఒత్తిడీ వేరు. లైసెన్సు పుస్తకంలో రివాల్వరా, పిస్తోలా అన్నది విడిగా వ్రాయడానికి ఉన్న కారణాలలో ఇదొకటి.

* * *

స్వాతంత్ర్యం వచ్చింది, 1959లో కొత్త ఆయుధ చట్టం వచ్చింది. తెల్లవారు పోయినా బోర్ల విభజన పోలేదు. కొత్త ప్రభుత్వమూ పాత భయాన్నే వారసత్వంగా తీసుకున్నది. అయితే చట్టంలో ఒక వెసులుబాటు ఉన్నది, మన మెట్ట రైతులకు సంబంధించినది. పంటకాపుకు నాటుపద్ధతిలో మూతినుండి మందు దట్టించే తుపాకి, ఆత్మరక్షణకో వేటకో ఇరవై అంగుళాలకు తక్కువ కాని నున్నగొట్టపు తుపాకి - ఈ రెండింటికీ, అనర్హత ఏదీ లేకపోతే, లైసెన్సు ఇవ్వవలసిందేనన్నది చట్టం ధోరణి. రివాల్వరుకు అలా కాదు. 'తగిన కారణం' ఉందని అధికారి తృప్తి చెందాలి. పొడవైన తుపాకి పొలానికి కాపలా. పొట్టి తుపాకి మనిషి మీద అనుమానం. పల్నాడులోనో మార్కాపురం వైపో అడవిపందుల బాధ పడే రైతుకూ, గుంటూరు పట్నంలో రివాల్వరు కోరే వ్యాపారికీ మధ్య చట్టం గీసిన గీత ఇది. నా మటుకు నాకు ఈ గీత సమంజసంగానే తోస్తుంది.

1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదిలారు. పల్నాటి రాళ్ళనేల మాగాణి అయింది. 1970లలో సంకరజాతి పత్తి వచ్చింది. పొగాకు, మిర్చి, పత్తి కలిసి కొందరి చేతుల్లో డబ్బు ఆడించాయి. ఆ డబ్బు వెంట దర్జా వస్తువులూ వచ్చాయి: బుల్లెట్ మోటారుసైకిలు, అంబాసిడరు కారు, సినిమాహాలులో వాటా, బీరువాలో రివాల్వరు. సరిగ్గా ఇదే దశలో, 1980ల మధ్యలో, విదేశీ తుపాకుల దిగుమతికి సామాన్యులకు తలుపు మూసుకున్నది. క్రీడాకారుల వంటి కొందరికి తప్ప బయటినుండి కొత్త తుపాకి రాదు. దేశంలో ఉన్న వెబ్లీలు ఎన్నో అన్నే. కొనేవారు మాత్రం పెరుగుతున్నారు. ఫలితం ఊహించదగినదే. తక్కిన యంత్రాలన్నీ పాతబడితే ధర తగ్గుతుంది. మన దేశంలో రివాల్వరు పాతబడితే ధర పెరిగింది. అర్ధశతాబ్దం వాడిన వెబ్లీ ముందు కొత్త స్వదేశీ రివాల్వరు చవకగా కనిపించే వింత పరిస్థితి ఏర్పడింది.

ఆ స్వదేశీ రివాల్వరు కాన్పూరు సర్కారు కార్ఖానాలో తయారైనది. నమూనా పాత వెబ్లీదే. బరువు 700 గ్రాములు, గొట్టం మూడంగుళాలు, బోరు .32. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తరువాత, 2014లో స్త్రీల కోసమంటూ 'నిర్భీక్' అనే తేలిక రివాల్వరును విడుదల చేశారు. 500 గ్రాములు, ధర 1,22,360 రూపాయలు, బోరు మళ్ళీ .32. అంత ధర పెట్టగల స్త్రీకి ఢిల్లీ బస్సు ఎక్కే అగత్యం ఉంటుందా అని అప్పుడే చాలామంది అడిగారు. 2023లో వచ్చిన 'ప్రబల్' సిలిండరు పక్కకు తెరుచుకునే రకం. బోరు మాత్రం మారలేదు. 1896లో స్థిరపడిన కొలత నూట పాతికేళ్ళు దాటినా మనతోనే ఉన్నది.

* * *

పాత రివాల్వరు చేతులు మారే తీరు కూడా తెలుసుకోదగినదే. ముందు లైసెన్సు, తరువాతే తుపాకి. లైసెన్సు లేనివారు బేరమాడడం కూడా చిక్కే. 2016 నిబంధనల ప్రకారం రివాల్వరు కోరేవారు సురక్షితంగా వాడడంలో శిక్షణ పొందాలి. లైసెన్సుకు దేశవ్యాప్తంగా ఒక విశిష్ట సంఖ్య ఉంటుంది. సొంత వాడకానికి ఉంచుకున్న తుపాకిని మరొక లైసెన్సుదారుకు అమ్మదలిస్తే జిల్లా మేజిస్ట్రేటుకో, దగ్గరి ఠాణా అధికారికో లిఖితపూర్వకంగా తెలిపి, 45 రోజులు ఆగాలి. 2019 డిసెంబరు సవరణతో ఒక్కొక్కరికి ఉండదగిన తుపాకుల సంఖ్య మూడునుండి రెండుకు తగ్గింది. లైసెన్సు గడువు మూడేళ్ళనుండి అయిదేళ్ళకు పెరిగింది. మూడు తుపాకులున్నవారు ఒకదానిని వదులుకోవలసి వచ్చింది.

కొనేవారు చూడవలసినవి చాలానే ఉన్నా, ముఖ్యమైనవి నాలుగు. మొదటిది, తుపాకి మీది సంఖ్య కాగితాల్లోని సంఖ్యతో కలవాలి. చెరిపేసిన సంఖ్య ఉన్న తుపాకిని దగ్గర పెట్టుకోవడమే నేరం. రెండవది, గొట్టం లోపల తుప్పు గుంటలు. బాపట్ల, చీరాల వంటి సముద్రతీరపు తేమలో పదేళ్ళు బీరువాలో ఊరకున్న తుపాకి, రోజూ వాడిన తుపాకి కంటే ఎక్కువ పాడవుతుంది. మూడవది, వెబ్లీ వంటి వంగే రకాలలో మడతబందు దగ్గర వదులు. సిలిండరులోని గది, గొట్టం సరిగ్గా ఒకే వరుసలోకి రాకపోతే గుండు అంచులు చెక్కుకుంటూ పోతుంది. ఆ సీసపు తునకలు పేల్చినవాడి మీదికే వస్తాయి. నాలుగవది, మరీ పాతవాటి మీద పొగరాని మందుకు తట్టుకుంటుందన్న పరీక్ష ముద్ర. నల్లమందు కాలపు రివాల్వరు ఇంటి అలంకారమే కాని వాడే వస్తువు కాదు. ఇవన్నీ తుపాకుల మరమ్మతు తెలిసిన పనివాడు చూడవలసినవి.

తూటా ఎంపిక? ఎంపిక అన్న మాటకే ఇక్కడ పెద్దగా అర్థం లేదు. పుణె దగ్గరి ఖడ్కీ సర్కారు కార్ఖానా తూటాలే దశాబ్దాల పాటు దిక్కు. కొన్నవి ఎన్ని, ఏడాదికి ఎన్ని కొనవచ్చు అన్నది లైసెన్సులోనే ఉంటుంది. అమెరికాలో ఒకే బోరుకు పదుల రకాల గుండ్లు అమ్ముతారు. మన లైసెన్సుదారుకు ఉన్న వివేచన ఒకటే, పెట్టె మీది తేదీ చూసుకోవడం, ఇత్తడి తొడుగు పచ్చబడలేదని చూసుకోవడం, పిస్తోలు తూటాను పొరపాటున తీసుకోకపోవడం.

ఈ తూటా లోపల ఉన్నది ఏమిటో మన పత్తి రైతులు వింటే ఆశ్చర్యపోతారు. 1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త దూదిని ఆమ్లాలలో ముంచి, భగ్గున మండే పదార్థాన్ని తయారుచేశాడు. 1884లో ఫ్రాన్సులో వియెయ్ దానినే పొగరాని తుపాకిమందుగా మలిచాడు. ఆ పిమ్మట ఆంగ్లేయుల కార్డైటు వచ్చింది. నీలగిరి కొండల్లో అరవంకాడు దగ్గర దాని కోసమే కార్ఖానా వెలిసింది. జిన్నింగు మిల్లులో దూది తీసిన తరువాత కూడా పత్తిగింజను అంటిపెట్టుకొని ఉండే పొట్టినూగు ఈ మందుకు శ్రేష్ఠమైన ముడిసరుకు. నూలుకు పనికిరాని నూగు తూటాకు పనికివస్తుంది. మన భాషలో 'మందు' అన్న మాట ఎంత విచిత్రమైనదో చూడండి. తుపాకిలో దట్టించేది మందు, పత్తిచేనులో చల్లేది మందు, రోగికి ఇచ్చేదీ మందే. 1987-88లో తెల్లదోమ కాటుకు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి కుప్పకూలి, అప్పుల్లో కూరుకున్న రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. ఈ మైదానంలో పత్తి తీసుకున్న ప్రాణాల లెక్కలో తుపాకిది చివరి వరుస.

* * *

ఇక అసలు ప్రశ్న. ఈ రివాల్వరు ఎవరినైనా కాపాడిందా?

నేను చదివిన చరిత్ర అవునని చెప్పడం లేదు. ఒంగోలు ఎంపీ మాగుంట సుబ్బరామిరెడ్డిని 1995 డిసెంబరు 1న ఒంగోలులోనే నక్సలైట్లు కాల్చి చంపారు. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కాన్వాయి మీద పేలినవి మందుపాతరలు. 2005 మార్చిలో మావోయిస్టులు చిలకలూరిపేట పోలీసు స్టేషను మీదికే వచ్చారు. తుపాకులతో నిండిన ఠాణాకే దిక్కులేనప్పుడు, దిండు కింద ఆరు తూటాల రివాల్వరు ఏపాటి? పథకం వేసుకొని వచ్చేవాడు ఎదుటివాడికి సొరుగు తెరిచే వ్యవధి ఇవ్వడు.

పోనీ, ఊరి కక్షల్లో? 2024 మే 13న పోలింగు నాడూ, తరువాతి రోజుల్లోనూ పల్నాడు జిల్లాలో జరిగిన హింసను అందరూ చూశారు. మాచర్ల, నరసరావుపేట ప్రాంతాలలో వాడినవి, పట్టుబడినవి రాళ్ళు, కర్రలు, పెట్రోలు సీసాలు, నాటుబాంబులు. జిల్లా ఎస్పీని ఎన్నికల సంఘం సస్పెండు చేసేదాకా వెళ్ళింది. ఎన్నికల నోటిఫికేషను రాగానే లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగించమని తాఖీదులు రావడం మన జిల్లాలలో ఆనవాయితీ. అంటే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న వారాలలోనే ఆత్మరక్షణ ఆయుధం పోలీసు స్టేషను బీరువాలో ఉంటుంది. యజమానికి మిగిలేది రశీదు. దీనిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ తుపాకులు బయట ఉంటే ఎన్నికలు ఇంకెంత ఘోరంగా ఉండేవో. కాని కొనేముందు ఈ సంగతి తెలిసి కొనడం మంచిది.

అయినా కొంటారు. ఎందుకంటే మన సీమలో రివాల్వరు చేసే పని పేలడం కాదు, ఉన్నదని తెలియడం. గన్‌మన్ వెంట నడిచే నాయకుడి నీడ చిన్న పెద్దమనుషుల మీద పడింది. గన్‌మన్‌ను సర్కారు ఇవ్వాలి. లైసెన్సు అయితే ప్రయత్నం చేసుకోవచ్చు. లైసెన్సు వచ్చిందంటే కలెక్టరు కచేరీ తనను మనిషిగా గుర్తించినట్టు. 1878లో బిరుదాంకితులకు ఇచ్చిన మినహాయింపు రాజముద్ర వంటిదైతే, ఈనాటి లైసెన్సు దాని మునిమనుమడు.

ఆ గౌరవానికి ఖరీదు తరువాతి తరం చెల్లిస్తుంది. పెద్దాయన కాలం చేసిన మరుక్షణం ఆ ఇంట్లోని రివాల్వరు లైసెన్సు లేని ఆయుధమవుతుంది. సంతాపం తీరకముందే దానిని ఠాణాలోనో, లైసెన్సున్న దుకాణంలోనో అప్పగించాలి. వారసుడికి లైసెన్సు కోరుకునే అవకాశం ఉంది. లేదా అర్హుడికి అమ్మించాలి. ఈ సంగతి తెలియక బీరువాలో పెట్టి మరచిపోయిన కుటుంబాలు నేరం చేస్తున్నామని ఎరుగని నేరస్థులు. పాత రివాల్వర్ల సంతకు సరుకు ఎక్కువగా వచ్చేది ఇలాంటి ఇళ్ళనుండే. ఒకరి మరణం మరొకరి దర్జా.

కనుక పాత రివాల్వరు కొనబోయే మనిషికి నిజంగా మిగిలిన నిర్ణయం ఒక్కటే. బోరును వలస ప్రభుత్వపు భయం నిర్ణయించింది. తుపాకిని దిగుమతి నిషేధం నిర్ణయించింది. తూటాను ఖడ్కీ నిర్ణయించింది. ఎన్నికల వేళ అది ఎక్కడుండాలో ఎన్నికల సంఘం నిర్ణయిస్తుంది. అసలు అది ఇంట్లో ఉండాలా, పిల్లలు తిరిగే ఇంట్లో ఆ సొరుగు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి - ఇది మాత్రమే ఆయన చేతిలో ఉంది. గొట్టం పొడవు గురించి నెలల తరబడి ఆలోచించేవారు దీని గురించి ఒక్క పూట ఆలోచించినట్టు కనబడదు.

ఆత్మరక్షణే కావాలంటే ఈ మైదానం ఇంకొక సాధనాన్నీ పండిస్తుంది. మిరపలోని ఘాటే పెప్పర్ స్ప్రే. దానికి లైసెన్సు అక్కరలేదు, ప్రాణం పోదు. 2014 ఫిబ్రవరి 13న విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ దానిని లోక్‌సభలోనే ప్రయోగించి చూపారు. ఆ ప్రయోగాన్ని ఎవరూ మెచ్చుకోలేదు కాని, సభ ఖాళీ కావడానికి అట్టే సేపు పట్టలేదు.

మీ ఊళ్ళలో, మీ తాతల కాలంలో లైసెన్సు తుపాకులున్న ఇళ్ళు ఉంటే, అవి ఎలా వచ్చాయో, చివరకు ఏమయ్యాయో వ్రాయండి. రాజుల ఆయుధాల చరిత్ర కోటల్లో దొరుకుతుంది. బీరువాల్లోని ఆయుధాల చరిత్రను మనం వ్రాసుకోకపోతే వ్రాసేవారు లేరు.